లక్ష్యం ప్రకటించిన రోజే బిల్లు ఎవరిదో చెప్పాలి

సంపాదకులు గారికి నమస్కారం.

ఫలానా సంవత్సరానికల్లా ఇన్ని వేల మెగావాట్ల సౌర విద్యుత్, ఇంత శాతం అడవి, ఇంత శాతం తక్కువ కాలుష్యం అని ప్రభుత్వాలు చెప్పినప్పుడల్లా అది మీ మొదటి పేజీలో వస్తుంది. ఆ సంవత్సరం వచ్చి వెళ్లిపోయాక ఏమైందన్న వార్త మాత్రం లోపలి పేజీల్లో వెతికినా దొరకదు. ఆ రాని వార్త గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది, వీలైనంత వేసుకోండి.

మాది ఒక థర్మల్ విద్యుత్ కేంద్రం పక్క ఊరు. కేంద్రం పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయేది దేశంలో చాలా కేంద్రాలకు వర్తిస్తుంది. ఎండలు ముదిరి గాలి తిరిగిందంటే బూడిద చెరువు మీంచి లేచే ధూళికి మా వీధిలో డాబాల మీద వడియాలు పెట్టడం ఎప్పుడో మానేశారు. మిరపకాయలు ఎండబోస్తే సాయంత్రానికి వాటి మీద సన్నటి బూడిద పొర తేలుతుంది, మా అమ్మ కూర్చుని తడిగుడ్డతో ఒక్కో కాయా తుడుస్తుంది. మా బాబాయి ఆ కేంద్రంలో కాంట్రాక్టు పనికి వెళ్లేవారు. కొత్త యూనిట్ కట్టినప్పుడు పొగగొట్టం దగ్గర కొంత జాగా కావాలనే ఖాళీగా వదిలారని, అది ఎఫ్‌జీడీ కోసమని ఆయనే చెప్పారు. యంత్రం ఇప్పుడు పెట్టకపోయినా చోటు మాత్రం ఉంచాలని పర్యావరణ అనుమతిలోనే షరతు రాశారట. ఆ జాగాలో సర్కారు తుమ్మ మొలిచింది.

ఎఫ్‌జీడీ అంటే బొగ్గు కాల్చగా వచ్చే పొగలోంచి సల్ఫర్ డయాక్సైడ్‌ను పట్టే ఏర్పాటు. సున్నపురాయి పొడిని నీళ్లలో కలిపి పొగ మీద చల్లుతారు, వాయువు అందులో కలిసి జిప్సం అవుతుంది, ఆ జిప్సం సిమెంటు ఫ్యాక్టరీలకు పనికొస్తుంది. ఎప్పటినుంచో ప్రపంచమంతా వాడుతున్న పద్ధతే ఇది, ఇందులో కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. ఆ వాయువు గొట్టంలోంచి బయటికొచ్చాక అక్కడే ఆగదు, గాలిలో మార్పు చెంది సన్నటి సల్ఫేట్ రేణువులై వందల కిలోమీటర్లు పోతుంది, ఊపిరితిత్తుల్లోకి దిగేది అదే. ప్రపంచంలో ఈ వాయువును అందరికంటే ఎక్కువ వదిలే దేశం మనదేనని లెక్కలు చెబుతున్నాయి.

2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగలో ఈ వాయువు ఇంతకు మించకూడదని కొత్త ప్రమాణాలు పెట్టింది. రెండేళ్లు గడువు, అంటే 2017 డిసెంబరుకల్లా దేశమంతా పూర్తి కావాలి. ఆ రోజు అందరం సంతోషించాం. 2017 చివరికి వచ్చేసరికి దాన్ని దశలవారీగా 2022 వరకు జరిపారు. 2021 ఏప్రిల్‌లో కేంద్రాలను అవి ఉన్న చోటును బట్టి ఎ, బి, సి అని మూడు వర్గాలు చేసి 2022, 2023, 2024 అన్నారు. 2022 సెప్టెంబరులో, వాటిలో మొదటి గడువుకు ఇంకా నాలుగు నెలల లోపే ఉందనగా, అందరికీ మరో రెండేళ్లు ఇచ్చారు. 2024 డిసెంబరు 30న, గడువు తీరడానికి ఒక్క రోజు ముందు, ఇంకో మూడేళ్లు. చివరికి 2025 జూలైలో సి వర్గానికి, అంటే దాదాపు 78 శాతం యూనిట్లకు, పొగగొట్టం ఎత్తు నిబంధన పాటిస్తే చాలు ఈ ప్రమాణమే వర్తించదని తేల్చేశారు. బి వర్గంవాళ్ల సంగతి ఒక్కోటీ విడిగా చూస్తారట. జనాభా పది లక్షలు దాటిన నగరాలకు, ఢిల్లీ ప్రాంతానికి 10 కిలోమీటర్ల లోపు ఉన్న ఎ వర్గానికి మాత్రం 2027 డిసెంబరు అలాగే ఉంది. దాదాపు పదేళ్లలో, ఐదు వందలకు పైగా ఉన్న యూనిట్లలో పదో వంతు కూడా ఈ యంత్రం పెట్టలేదు.

ఇది చదివి ప్రభుత్వాలకు చిత్తశుద్ధి లేదని అనేసి ఊరుకోవడం తేలిక. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను కానీ ఆ మాటతో ఏమీ అర్థం కాదు, ఏమీ మారదు కూడా. ప్రమాణం రాసినవాళ్లు దాన్ని నిజంగానే కోరుకుని ఉండొచ్చు. దాన్ని అమలు చేయాల్సిన మనిషి ఎవరు, డబ్బు పెట్టేది ఎవరు, చేయకపోతే నష్టపోయేది ఎవరు అన్నది చూడాలి.

ముందు ఆ రెండేళ్ల గడువే చూడండి. ఒక్క యూనిట్‌కు ఎఫ్‌జీడీ కట్టాలంటే టెండరు నుంచి నడిచేదాకా రెండేళ్లకు పైనే పడుతుంది, చివర్లో పొగగొట్టానికి కలపడానికి యూనిట్ కొన్ని వారాలు ఆపాలి. వందల యూనిట్లు ఒకేసారి టెండరు పిలిస్తే చేసి పెట్టే కంపెనీలు మన దేశంలో ఆనాడు అన్ని లేవు. అంటే రాసిన రోజునే అది జరగని గడువు. జరగని గడువు పెట్టడం వల్ల వచ్చే నష్టం ఏమిటంటే, మొదటి పొడిగింపు న్యాయంగానే ఉంటుంది, ఎవరూ తప్పు పట్టలేరు, కానీ ఆ ఒక్కసారితో పొడిగింపు అన్నది అలవాటుగా మారుతుంది. కేంద్రం నడిపేవాడు రెండో గడువును ఇక నమ్మడు. ఎందుకు నమ్మాలి, ఇవాళ కోట్లు పెట్టి కట్టేసినవాడు రేపు పొడిగింపు వస్తే వెర్రివాడవుతాడు.

ఇక డబ్బు. పర్యావరణ శాఖ ప్రమాణం రాస్తుంది, దాని జేబులోంచి రూపాయి పోదు. కేంద్రం యాజమాన్యం ఖర్చు పెట్టాలంటే ఆ ఖర్చు కరెంటు ధరలో కలపడానికి విద్యుత్ నియంత్రణ మండలి ఒప్పుకోవాలి. మండలి ఒప్పుకుంటే కట్టాల్సింది ఇళ్లకు కరెంటు పంపిణీ చేసే డిస్కం, ఆ డిస్కం ఇప్పటికే అప్పుల్లో ఉంది. డిస్కం ఆ భారం మన మీద వేయాలంటే రాష్ట్ర ప్రభుత్వం ఊరుకోదు, పాత ఖర్చుల తేడాను తర్వాత బిల్లులో వేసే ట్రూ అప్ చార్జీల మీద ఎంత గొడవ జరిగిందో మీ పత్రికే రాసింది. పైగా యంత్రం నడపడానికి కొంత కరెంటు, సున్నపురాయి కావాలి కాబట్టి యూనిట్ ఖరీదు పెరిగి, చౌకగా ఇచ్చేవాళ్ల దగ్గర ముందు కొనే వరసలో వెనకబడతామని కేంద్రాలు మొదటినుంచీ భయపడుతూనే ఉన్నాయి. విద్యుత్ శాఖ ప్రతిసారీ పొడిగింపు కోరింది, దాని పని కరెంటు ఆగకుండా చూడటం కాబట్టి. తనిఖీ చేయాల్సిన కాలుష్య నియంత్రణ మండలి, తనిఖీకి గురయ్యే రాష్ట్ర విద్యుదుత్పత్తి సంస్థ జెన్‌కో, రెండూ ఒకే రాష్ట్ర ప్రభుత్వం కింద ఉంటాయి. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టుగా పంచుకుంటే ఎవరినీ వేలెత్తి చూపించలేం.

జరిమానా ఉంది కదా అంటారేమో. 2021లో పెట్టిన జరిమానా ఎ వర్గానికి ఆలస్యాన్ని బట్టి కరెంటు యూనిట్‌కు 10 నుంచి 20 పైసలు. మొన్న 2025లో మినహాయింపు ఇచ్చినప్పుడు దీనివల్ల కరెంటు యూనిట్‌కు 25 నుంచి 30 పైసలు ఆదా అవుతుందని వార్తలొచ్చాయి. అంటే యంత్రం పెట్టడం కంటే జరిమానా కట్టడమే చౌక. 2022 సవరణలో ఆ జరిమానాను పెంచారు గానీ, గడువునూ అదే సవరణలో జరిపేశారు. గడువు తీరకముందే జరుగుతూ పోతే అసలు జరిమానా పడే రోజే రాదు.

ప్రభుత్వం వైపు వాదన కూడా చెప్పాలి, నేను దాన్ని కొట్టిపారేయడం లేదు. మన బొగ్గులో గంధకం తక్కువ, చాలా నగరాల గాలిలో ఈ వాయువు పరిమితి లోపలే ఉంది, అన్ని కేంద్రాలకూ పెట్టాలంటే లక్షల కోట్లవుతుంది, ఆ యంత్రాలు నడపడానికి ఇంకా బొగ్గు కాల్చాలి అన్నది వాళ్ల మాట. వాయువు రూపంలో పరిమితి లోపల ఉన్నా అది రేణువుగా మారాక లెక్క వేరు కదా అని నిపుణులు అడుగుతున్నారు, నాకూ అదే సరైన ప్రశ్న అనిపిస్తుంది. సరే, అది పక్కన పెడదాం. మన బొగ్గులో గంధకం తక్కువన్న సంగతి 2015లో తెలియదా? సింగరేణి బొగ్గు, తాల్చేరు బొగ్గు ఏమిటో అప్పటికే దశాబ్దాలుగా పరీక్ష చేస్తున్నారు. ఆ వాదన నిజమైతే 2015లోనే చెప్పి అందరికీ కాక కొన్ని కేంద్రాలకే పెట్టాల్సింది, అబద్ధమైతే 2025లో వదిలేయకూడదు. ఎన్టీపీసీ లాంటి సంస్థలు అప్పటికే యంత్రాల మీద పెద్ద మొత్తాలు ఖర్చు పెట్టాయి. ముందుగా మాట విన్నవాళ్ల మీదే ఖర్చు పడింది. రేపు ఇంకో ప్రమాణం వస్తే ముందుగా కదిలేదెవరు?

అన్నిచోట్లా ఇంతేనా అంటే కాదు. చైనా సంగతి ఇక్కడ తప్పకుండా చెప్పాలి. 2001 నుంచి 2005 వరకు సాగిన వాళ్ల పదో పంచవర్ష ప్రణాళికలో సల్ఫర్ డయాక్సైడ్‌ను 10 శాతం తగ్గిస్తామని రాసుకున్నారు. తగ్గలేదు సరికదా నాలుగో వంతుకు పైగా పెరిగింది. అంత పట్టున్న ప్రభుత్వం కూడా ఉత్త లక్ష్యంతో ఏమీ చేయలేకపోయింది. తర్వాతి ఐదేళ్లకు అదే 10 శాతాన్ని మళ్లీ రాసుకున్నారు, ఈసారి 2010కల్లా 14 శాతం పైగా తగ్గింది. గాలి, బొగ్గు, దేశం అవే. పద్ధతి మార్చారు. ఎఫ్‌జీడీ నడిపే కేంద్రం అమ్మే ప్రతి యూనిట్‌కూ ఒకటిన్నర ఫెన్ అదనపు ధర ఇచ్చారు, ఫెన్ అంటే యువాన్‌లో నూరో వంతు. యంత్రం కట్టి ఆపేసి పెడితే డబ్బు రాదు, నడిపితేనే వస్తుంది, నడుపుతున్నాడో లేదో గొట్టానికి బిగించిన మీటరు చెబుతుంది, ఆపినవాడి దగ్గర్నుంచి ఆ డబ్బు వెనక్కి లాగారు. దానితోపాటు రాష్ట్రాల అధికారుల పనితీరు లెక్కలో ఈ అంకెను చేర్చారు. ఐదేళ్లు తిరిగేసరికి అక్కడి బొగ్గు విద్యుత్‌లో 80 శాతం దాకా ఎఫ్‌జీడీ కిందకు వచ్చింది. వాళ్ల రాజకీయ పద్ధతి మనకు వద్దు, నేను దాన్ని మెచ్చుకోవడం లేదు. కానీ యూనిట్‌కు ఇంత ధర, గొట్టానికి మీటరు అన్నవి ఏ ప్రజాస్వామ్యంలోనైనా చేయగలిగినవే.

మన దగ్గర కూడా నెరవేరిన లక్ష్యం ఉంది. స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు కాని వనరులనుంచి 2030కి రావాలన్నది లక్ష్యం, అది ఐదేళ్ల ముందే, 2025లోనే అందుకున్నామని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఎఫ్‌జీడీ మినహాయింపు వచ్చిన జూలైలోనే, కొద్ది రోజుల తేడాతో, ఈ ప్రకటన కూడా వచ్చింది. సామర్థ్యంలో సగమే గానీ వచ్చే కరెంటులో బొగ్గు వాటా ఇప్పటికీ చాలా పెద్దది, అది గుర్తుంచుకోవాలి. అయినా అది నిజమైన విజయమే. అందుకు కారణం కూడా కనపడుతూనే ఉంది: పెద్ద సౌర పార్కు కడితే కట్టినవాడికి లాభం, ఇరవై ఐదేళ్లు కొనే ఒప్పందం చేతిలో ఉంటుంది, బ్యాంకు అప్పిస్తుంది.

అదే సౌర విద్యుత్‌ను ఇళ్ల కప్పుల మీదకు తేవాలనుకున్నప్పుడు ఏం జరిగింది? 2022కల్లా 40 వేల మెగావాట్లు అన్నారు, నాలుగో వంతు కూడా రాలేదు. ఎండ తక్కువై కాదు. కప్పు మీద పలకలు పెట్టుకునేది ఎక్కువ బిల్లు కట్టే ఇల్లు, ఎక్కువ బిల్లు కట్టే ఇల్లు పోతే నష్టపోయేది డిస్కం, ఇంటి కప్పు నుంచి వచ్చిన కరెంటును బిల్లులో తగ్గించే నెట్ మీటరు బిగించాల్సింది కూడా ఆ డిస్కమే. తన మంచి ఖాతాదారును తానే పంపించేయాల్సిన ఆఫీసులో ఆ ఫైలు ఎంత వేగంగా కదులుతుందో ఎవరైనా ఊహించగలరు. 2024లో సూర్యఘర్ పథకం వచ్చాక, మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ నేరుగా ఇంటివాడి ఖాతాలో పడటం మొదలయ్యాక పని వేగం పుంజుకుంది. లక్ష్యం పాతదే, డబ్బు దారి మారింది.

బూడిద సంగతి ఇంకో రకం. విద్యుత్ కేంద్రాల బూడిదను వాడేయాలన్న నోటిఫికేషన్ 1999 నాటిది. 2009లో పాత కేంద్రాలకు ఐదేళ్లలో నూరు శాతం అన్నారు, 2016లో మళ్లీ 2017 డిసెంబరుకి నూరు శాతం అన్నారు, 2021 ఆఖరి రోజున మరో నోటిఫికేషన్, మళ్లీ నూరు శాతం. ఇప్పుడు కాగితం మీద 90 శాతం దాటిందంటున్నారు. సిమెంటుకు, ఇటుకలకు వెళ్లే పొడి బూడిద నిజంగానే చాలా ఉంది, సైలో దగ్గర లారీల వరస మేం రోజూ చూస్తాం. కానీ పల్లపు భూముల్లో పోసి పూడ్చినదీ, పాత గనుల్లో నింపినదీ కూడా వినియోగం కిందే లెక్క. చెరువులోంచి తవ్విన బూడిద టిప్పర్లలో, చిరిగిన పట్టా కప్పీ కప్పకుండా, మా రోడ్డు మీదుగా పోయి ఇంకో ఊరి పల్లంలో పడితే ఆ అంకె పెరుగుతుంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర కుదుపుకు ఒలికిన బూడిద వెనక వచ్చే బైకువాళ్ల కళ్లలో పడుతుంది. అంకె నెరవేరింది, మా అమ్మ మిరపకాయలు తుడవడం ఆపలేదు.

అడవుల గురించి ఒక్క ముక్క. దేశంలో మూడో వంతు నేల అడవిగా ఉండాలని 1952 విధానంలో ఉంది, 1988 విధానంలో ఉంది. 2023 నివేదిక ప్రకారం అడవులు, చెట్లు అన్నీ కలిపినా 25 శాతం. తెలంగాణలో 2015లో హరితహారం మొదలుపెట్టినప్పుడు 24 నుంచి 33 శాతానికి తీసుకెళ్లాలని, 230 కోట్ల మొక్కలు నాటాలని అన్నారు. నాటిన మొక్కల లెక్క ప్రతి ఏడాదీ వచ్చింది. ఐదేళ్ల తర్వాత బతికున్న చెట్ల లెక్కను కూడా అంతే గట్టిగా ప్రకటించి ఉంటే కింది ఉద్యోగి గుంతలు తీయించడం మీద కాకుండా నీళ్లు పోయించడం మీద దృష్టి పెట్టేవాడు.

ప్రభుత్వం మారితే ఏమవుతుందో కూడా మనం చూశాం. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారిన కొద్ది వారాలకే గాలి, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరలు తిరగదోడారు. 2022 మార్చిలో ఒప్పందంలోని ధరే చెల్లించాలని హైకోర్టు చెప్పింది. ధరలు ఎక్కువా కాదా అన్న చర్చలోకి నేను వెళ్లను, ఆ వాదనలో రెండు వైపులా విషయం ఉంది. అయితే ఆ మూడేళ్లలో కొత్తగా పెట్టుబడి పెట్టాలనుకున్నవాడు ఏం ఆలోచించి ఉంటాడు? ఇప్పుడు అదే రాష్ట్రం 2024 విధానంలో 1,60,000 మెగావాట్ల లక్ష్యం పెట్టుకుంది. తెలంగాణ 2030కల్లా అదనంగా 20,000 మెగావాట్లు అంటోంది. రెండూ జరగాలనే నేను కోరుకుంటున్నాను, మా ఊరి గాలి బాగుపడాలంటే చివరికి అదే దారి. మరి 2070కి నికర శూన్యం, అంటే గాలిలోకి వదిలినంత కర్బనాన్ని తిరిగి తీసేస్తామని 2021లో గ్లాస్గోలో దేశం తరఫున ఇచ్చిన మాటకు ఆ రోజున జవాబు చెప్పడానికి ఇవాళ్టి మంత్రుల్లో ఎవరుంటారు? దూరపు తేదీ పెట్టడం తప్పు కాదు, మధ్యలో ప్రతి ఏడాదికీ ఒక మెట్టు, ఆ మెట్టుకు ఒక బాధ్యుడు లేకపోవడం తప్పు.

అందుకని ప్రభుత్వాలను నేను అడిగేది పెద్దదేమీ కాదు. చిన్న లక్ష్యం పెట్టండి అనడం లేదు. లక్ష్యం ప్రకటించే రోజునే, అదే కాగితంలో, దీనికి ఎంతవుతుంది, కరెంటు బిల్లులో యూనిట్‌కు ఎన్ని పైసలు పడుతుంది, ఏ శాఖ ఏ నెలలోగా టెండరు పిలుస్తుంది అని రాయండి. ఇరవై ఐదు పైసలు ఎక్కువైతే ఎక్కువని చెప్పండి, పిల్లల ఊపిరితిత్తుల కోసం అని చెప్పి అడిగితే ఇచ్చేవాళ్లు మీరనుకున్నదానికంటే ఎక్కువమందే ఉంటారు, నేను ఇస్తాను. గడువు పొడిగించాల్సి వస్తే అర్ధరాత్రి గెజిట్‌లో వేయకుండా పార్లమెంటులోనో శాసనసభలోనో మంత్రి నిలబడి, పాత తేదీ ఇది, కాకపోవడానికి కారణం ఇది అని చెప్పాలి. పొడిగింపు అడిగిన సంస్థ పేరు కూడా అందులో ఉండాలి.

మిమ్మల్ని అడిగేది ఇంకా చిన్నది. కొత్త లక్ష్యం వార్త వేసినప్పుడు దాని పక్కనే ఒక చిన్న పెట్టెలో, ఇదే విషయం మీద ఇంతకుముందు పెట్టిన తేదీలు, ఆ తేదీకి అయిన పని ఎంత అన్నది వేయండి. మీ విలేకరులకు అది ఒక పూట పని, పాత పేపర్లు మీ దగ్గరే ఉన్నాయి. ఎ వర్గం కేంద్రాలకు 2027 డిసెంబరు గడువు ఇంకా చెల్లుతోంది కాబట్టి దానితోనే మొదలుపెట్టొచ్చు. యంత్రానికి రెండేళ్లకు పైగా పడుతుంది గనక ఆ కేంద్రాల్లో పనులు ఇప్పటికే నేల మీద కనపడుతూ ఉండాలి. రెండు రాష్ట్రాల్లో ఏ యూనిట్లు ఆ వర్గంలో ఉన్నాయి, వాటిలో ఎన్నింటికి కాంట్రాక్టు ఇచ్చారు, ఎన్నింటికి పునాది పడింది అని జిల్లా విలేకరిని పంపి కనుక్కుని, ఫొటోతో సహా వేయండి. 2027 నవంబరులో కాదు, ఈ నెలలోనే.

ఇట్లు,
థర్మల్ కేంద్రం పక్క ఊరి నుంచి మీ పాఠకుడు